ఓటమి దగ్గర మొదలైన పాట

బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ పడి ఆగితే, పక్క ఆటోలోంచి ఒక్కోసారి ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పాట వినిపిస్తుంది. ఆ గొంతు వెనక ఒక ఓటమి ఉంది.

ఆయన 1922 డిసెంబరు 4న మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడుతుంటే పసితనంలో నాట్యం చేసి మెప్పు పొందారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తర్వాత ఒక ఉత్సవంలో విద్వాంసుల ఎదుట పాడబోయి నవ్వులపాలయ్యారు. మెప్పు వేరు, విద్య వేరు అని ఆ అవమానమే నేర్పింది.

చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లారు. జోలె పట్టి, మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. మద్రాసు చేరాక కూడా మొదట కోరస్‌లో గొంతు కలిపారు, చిన్న వేషాలు వేశారు. ఆ తర్వాతే తెలుగువారందరి గాయకుడయ్యారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. చివరి రోజుల్లో పాడిన భగవద్గీత మాత్రం, 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాకే విడుదలైంది. ఇంటింటా అది మోగడం ఆయన వినలేదు.

నేను ఇంజనీరుని. లెక్క తప్పిన డ్రాయింగు చించి మళ్లీ గీసేటప్పుడు ఆ ఉంగరం గుర్తొస్తుంది. పోటీలో ఓడి తల దించుకుని వచ్చిన పిల్లలకు ఈ కథ చెప్పండి మాస్టారూ.