ఆయాసం చేయించిన కెమెరా

స్ట్రీట్ ఫోటోగ్రఫీకి తక్కువ ధరలో ఏ డిజిటల్ కెమెరా కొనాలని ఎవరడిగినా నేను ముందు ఆస్కార్ బర్నాక్ సంగతి చెప్తాను. మోడల్ పేరు అడిగితే కథ మొదలెట్టాడేంట్రా అని విసుక్కునేవాళ్ళున్నారు. ఫర్లేదు, మోడల్ కూడా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

బర్నాక్ 1879లో జర్మనీలో, బెర్లిన్‌కి దక్షిణాన ఒక పల్లెలో పుట్టాడు. పెద్ద చదువులేం లేవు. మెకానిక్ పని నేర్చుకుని, యేనా ఊళ్ళో కార్ల్ జైస్ కంపెనీలో చేరాడు. సెలవొస్తే చాలు, తురింగియా అడవుల్లో ఫోటోలు తీయడానికి వెళ్ళిపోయేవాడు. ఆ రోజుల్లో కెమెరా అంటే గాజు ప్లేట్లు, వాటి హోల్డర్లు, స్టాండు, అంతా కలిపి ఓ మూట. మనిషికేమో ఉబ్బసం! ఆ మూట మోసుకుని గుట్టలెక్కడం ఆయన వల్ల అయ్యే పని కాదు. చిన్న నెగెటివ్ తీసి, తర్వాత పెద్ద ప్రింటు వేసుకుంటే పోలేదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

1911లో వెట్స్‌లార్‌లో మైక్రోస్కోపులు చేసే లైట్స్ కంపెనీకి మారాడు. అక్కడ సినిమా ఫిల్ము చేతికొచ్చింది. సినిమా కెమెరాలో 35 మి.మీ. ఫిల్ము నిలువుగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేము 18×24 మి.మీ. బర్నాక్ ఆ ఫిల్మునే అడ్డంగా నడిపి ఫ్రేముని రెట్టింపు చేశాడు. అదే 24×36. మనం ఇవాళ ఫుల్ ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునే సెన్సర్ సైజు అక్కణ్ణుంచి వచ్చిందే.

1914లో కోటు జేబులో పట్టే నమూనా తయారైంది. ఆ ఆగస్టులోనే వెట్స్‌లార్ వీధిలో, యుద్ధ ప్రకటన పోస్టర్ దగ్గర నిలబడ్డ సైనికుణ్ణి దాంతో తీశాడు. 1920లో ఊరికి వరదొస్తే అదీ తీశాడు. జనం మధ్య, నిలబడ్డచోటే, ఎవరినీ ఆపకుండా... స్ట్రీట్ ఫోటోగ్రఫీ అన్న మాట ఆయన వాడాడో లేదో గానీ చేసిన పని మాత్రం అదే.

కానీ కెమెరా మార్కెట్‌లోకి రావడానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది. యుద్ధం, తర్వాత దారుణంగా పెరిగిన ధరలు. 1923 ప్రాంతంలో ఓ పాతిక కెమెరాలు చేసి పరీక్షకిస్తే అభిప్రాయాలు రెండు రకాలుగా వచ్చాయి. చివరికి 1924లో ఓనరు ఎర్నస్ట్ లైట్స్ రిస్క్ తీసుకున్నాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా బయటికొచ్చింది. లెన్సు మాక్స్ బెరెక్ డిజైన్. బర్నాక్ 1936లో, 56 ఏళ్ళకే పోయాడు. ఆయన సొంతంగా వాడుకున్న కెమెరా ఒకటి 2022 వేలంలో కోటీ నలభై నాలుగు లక్షల యూరోలకి అమ్ముడుపోయింది. బరువు మోయలేక చేసుకున్న వస్తువు అది!

ఇప్పుడు మన బడ్జెట్. మన జూనియర్ ఒకడు ఫుల్ ఫ్రేమ్ కోసం ఇంట్లోవాళ్ళ చేత అప్పు చేయించబోతున్నాడు. వాడికి నేను చెప్పేది ఒక్కటే. ఏపీఎస్-సీ సెన్సర్ దాదాపు 24×16 మి.మీ. ఉంటుంది. అంటే బర్నాక్ రెట్టింపు చేయకముందున్న సినిమా ఫ్రేముకి దగ్గర దగ్గర. ఎండలో బజారు ఫోటోలకి అది ధారాళంగా సరిపోతుంది. చీకట్లో కొంచెం గ్రెయిన్ వస్తుంది, రానీ.

సెకండ్ హ్యాండ్‌లో రికో జీఆర్ పాత మోడల్ దొరికితే చూడండి. జేబులో పడుతుంది, లెన్సు మార్చే పని లేదు, స్నాప్ ఫోకస్ పెట్టుకుంటే ఫోకస్ కోసం ఆగక్కర్లేదు. జూమ్ ఉండదు, దగ్గరికి నడవాల్సిందే. అది దొరక్కపోతే ఏదైనా చిన్న ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్, దానికో పల్చటి ప్రైమ్ లెన్సు. డబ్బిచ్చే ముందు ఎఫ్ 16 పెట్టి తెల్లగోడని ఫోటో తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలుంటే లోపల దుమ్ము చేరినట్టే, బేరం అక్కడ మొదలెట్టండి.