కుదరదంటే ఎక్కడ కుదరదో చూపించాలి

మన కోనసీమ కుర్రోళ్లు రోజూ వినే మాట ఒకటుంది. కుదరదు. ఉపాధి పని అడిగితే కుదరదు. ట్రైనింగు అడిగితే కుదరదు. ఉన్న పనులనే కాస్త సర్ది అందరికీ పంచండంటే అసలే కుదరదు. ఎందుకు కుదరదో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఎందుకు అన్నదానికి లెక్కల్లో జవాబు రాసిపెట్టి పోయిన మనిషొకడున్నాడు. పేరు డేనెష్ కోనిగ్, హంగరీ దేశపాయన. పోయి ఎనభై ఏళ్లు దాటింది.

నేను కాలేజీల్లో లెక్కలు చదివినోణ్ణి కాదు. ఉపాధి హామీ కూలీల మస్టర్ల గొడవలు చూసుకుంటా, పాత పుస్తకాలూ ఫోనూ పట్టుకుని నేర్చుకున్న లెక్కలే నావి. నాకు అర్థమైందంటే మీకు ఇంకా తొందరగా అర్థమవుద్ది.

కోనిగ్ 1884 సెప్టెంబరు 21న బుడాపెస్టులో పుట్టాడు. వాళ్ల నాన్న గ్యూలా కోనిగ్ అప్పటికే పేరున్న లెక్కల ప్రొఫెసరు. అంటే ఇంట్లోనే చదువుంది, ఆ అదృష్టం మనలో చాలామందికి లేనిది. కానీ ఆ కుర్రోడు చేసిన మొదటి పని చూడండి. లెక్కలంటే భయపడేవాళ్ల కోసం వినోదపు లెక్కల పుస్తకాలు రాశాడు. అప్పటికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉంటాయి. తర్వాత జర్మనీలోని గోటింగెన్‌లో కొంతకాలం చదివి, 1907లో డాక్టరేటు తెచ్చుకుని, ఆ ఏడే బుడాపెస్టు సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరాడు. చివరిదాకా అక్కడే పాఠాలు చెప్పాడు.

ఆయన పట్టుకున్న చదువు పేరు గ్రాఫ్ సిద్ధాంతం. పేరు చూసి బెదరకండి. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల మధ్య మన లంకలున్నాయి కదా, ఒక్కో లంకకీ ఒక చుక్క పెట్టండి. పంటు తిరిగే చోటల్లా, వంతెన ఉన్నచోటల్లా గీత గీయండి. అదే గ్రాఫు. 1736లో ఆయిలర్ అనే ఆయన ఇలాగే ఒక ఊరి ఏడు వంతెనల మీద మొదలెట్టాడు. సరిగ్గా 200 ఏళ్లకి, 1936లో, కోనిగ్ ఈ సంగతులన్నీ పోగేసి జర్మన్‌లో ఒక పుస్తకం వేశాడు. గ్రాఫుల మీద ప్రపంచంలో అదే మొదటి పాఠ్యపుస్తకం. అంతవరకూ చాలామంది పెద్దలకి ఇది పిల్లల ఆటలాంటి లెక్కే.

ఆయన అసలు గొప్పతనం మాత్రం పనికీ మనిషికీ జత కుదర్చడంలో ఉంది. మన ఊరి కథగా చెప్తా.

నాలుగు పనులున్నాయి అనుకోండి. ఆటో నడపడం, కొబ్బరి దింపు, బడిలో వంట, కంప్యూటరు పని. నలుగురున్నారు. రాంబాబుకి ఆటో వచ్చు, దింపూ వచ్చు. సత్తిబాబుకి ఆటో ఒక్కటే వచ్చు. లక్ష్మికి వంట వచ్చు, కంప్యూటరూ వచ్చు. నాగమణికి కంప్యూటరు ఒక్కటే. ముందొచ్చినోడికి ముందు అని పంచితే ఏమవుద్ది? రాంబాబు ఆటో ఎక్కేశాడు, లక్ష్మి కంప్యూటరు ముందు కూర్చుంది. సత్తిబాబూ నాగమణీ ఖాళీ. దింపూ వంటా కూడా ఖాళీ. పనులున్నాయి, మనుషులున్నారు, అయినా సగం మందికే పని. ఆఫీసులో అడిగితే కుదరదండీ అంటారు.

కానీ రాంబాబుని దింపుకి జరిపితే సత్తిబాబుకి ఆటో దొరికింది. లక్ష్మిని వంటకి జరిపితే నాగమణికి కంప్యూటరు దొరికింది. నలుగురికీ పని. ఒకరిని కదిపితే ఇంకొకరికి చోటొచ్చే దారి వెతకడమే ఇక్కడ కిటుకు.

కోనిగ్ 1916లో అచ్చేసిన సంగతి ఏంటంటే, ప్రతి మనిషికీ సరిగ్గా మూడేసి పనులొచ్చి, ప్రతి పనికీ సరిగ్గా ముగ్గురేసి తెలిసినోళ్లుంటే, అందరికీ తలా ఒక పని కుదిరి తీరుద్ది. మూడు బదులు ఏ సంఖ్యయినా అంతే.

1931లో ఇంకో మెట్టెక్కాడు. నిజంగా కుదరనప్పుడు ఏంటి సంగతి? రాంబాబు కొబ్బరి చెట్టెక్కడం మానేశాడు అనుకోండి. ఇప్పుడు అతనికీ సత్తిబాబుకీ ఆటో ఒక్కటే దిక్కు. ఎలా జరిపినా ముగ్గురికే పని. దానికి రుజువేంటి? ఆటో, లక్ష్మి, నాగమణి. ఈ మూడు పేర్ల చుట్టూ సున్నా చుట్టండి. ఎవరికి ఏ పని వచ్చో గీసిన ప్రతి గీతా ఈ మూడింటిలో ఒకదాన్ని తాకుద్ది. ఒక్కో పేరు మీద ఒక్క జతకి మించి కుదరదు కాబట్టి మూడే గరిష్ఠం. కోనిగ్ నిరూపించింది ఇదే. గరిష్ఠంగా ఎన్ని జతలు కుదురుతాయో, గీతలన్నిటినీ తాకడానికి కనీసం ఎన్ని పేర్లు కావాలో, ఆ రెండూ ఎప్పుడూ ఒకటే సంఖ్య.

దీని అర్థం ఆలోచించండి. కుదరకపోతే ఎక్కడో బిగిసింది, ఆ బిగిసిన చోటు చూపించొచ్చు. పై కథలో తప్పు సత్తిబాబు బద్ధకానిది కాదు, ఇద్దరికి ఒక్క ఆటో ఉండటానిది. ఇంకో ఆటో ఇప్పించు, లేదా ఒకడికి ఇంకో పని నేర్పించు. అంతే.

అదే ఏడు యెనో ఎగర్వారి అనే తోటి హంగరీ ఆయన దీనికి కూలీ లెక్క కూడా జోడించాడు. ఎవరిని ఏ పనిలో పెడితే మొత్తం మీద లాభం ఎక్కువ అన్నది తేలే దారి దొరికింది.

ఇప్పుడు బాధాకరమైన భాగం. పనికీ మనిషికీ జత గురించి ఆలోచించిన ఈ మనిషి దేశంలోనే, పుట్టుక చూసి పని తీసేసే చట్టాలొచ్చాయి. కోనిగ్‌ది యూదు మూలాలున్న కుటుంబం. 1920లోనే యూదు పిల్లలకి యూనివర్సిటీ సీట్లు కోసేశారు. 1938లో చాలా ఉద్యోగాల్లో యూదులు 20 శాతం దాటకూడదన్నారు, 1939లో దాన్ని 6 శాతానికి దించారు. దీన్నీ మన రిజర్వేషన్లనీ ఒకే గాటన కట్టేవాళ్లుంటారు, జాగ్రత్త. రిజర్వేషను వందల ఏళ్లు మూసిన తలుపు తెరిచేది. ఆ చట్టాలు తెరిచి ఉన్న తలుపు మూసేవి. 2022 మేలో జిల్లా పేరులో అంబేడ్కర్ ఉండకూడదని అమలాపురంలో మంటలు పెట్టడం చూసినోళ్లం. పుట్టుక మీద పుట్టే పగ ఎంత దూరం పోద్దో మనకి వేరే చెప్పక్కర్లేదు.

1944 మార్చిలో జర్మనీ సైన్యం హంగరీలో దిగింది. కొన్ని నెలల్లోనే 4 లక్షలకు పైగా యూదులని, ఎక్కువగా పల్లెలూ చిన్న ఊళ్లవాళ్లని, రైళ్లెక్కించి ఆష్విట్జ్‌కి పంపారు. ఆ రోజుల్లో కోనిగ్ తన వంతుగా వేటకి గురైన లెక్కల మనుషులకి సాయం చేస్తూ వచ్చాడు. అక్టోబరు 15న యారో క్రాస్ అనే నాజీ తోక పార్టీ గద్దెనెక్కింది. నాలుగు రోజులకి, అక్టోబరు 19న, వాళ్ల చేతికి చిక్కకుండా కోనిగ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి. ఒక మాస్టారిని అక్కడిదాకా నెట్టిన పాపం ఆ రాజ్యానిది.

ఆయన పాఠం మాత్రం చావలేదు. ఆయన దగ్గర చదువుకున్న పాల్ ఎర్డోష్, టిబోర్ గల్లాయి ఈ చదువుని పెద్ద చెట్టు చేశారు. 1953లో హెరాల్డ్ కూన్ అనే అమెరికా ఆయనకి కోనిగ్ పుస్తకంలో ఎగర్వారి పేరు కంటపడింది. ఆ వ్యాసం హంగరీ భాషలో ఉంది. కూన్ నిఘంటువూ వ్యాకరణ పుస్తకమూ ముందేసుకుని తనే అనువాదం చేసుకున్నాడు. 1955లో ఎవరికి ఏ పని అన్నది తేల్చే పద్ధతి అచ్చేసి, దానికి తన పేరు పెట్టుకోకుండా హంగేరియన్ పద్ధతి అన్నాడు. భాష రాదని ఆగిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇందులో మన తెలుగోళ్లూ ఉన్నారు. కట్టా గోపాలకృష్ణ మూర్తి 1968లో మొదటి మంచి పంపకం ఒక్కటే కాకుండా రెండోది, మూడోది కూడా వరసగా తీసే పద్ధతి కనిపెట్టారు. దాన్ని ప్రపంచం మూర్తి అల్గారిథం అంటుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఉప్పలూరి శివ రామచంద్ర మూర్తి, బాండీ అనే ఆయనతో కలిసి 1976లో రాసిన గ్రాఫ్ సిద్ధాంతం పుస్తకంలో కోనిగ్ సిద్ధాంతమూ ఉంది, ఈ పనుల పంపకమూ ఉంది.

1970లో జాక్ ఎడ్మండ్స్ ఇంకా లోతుకెళ్లి సబ్‌మాడ్యులర్ ఫంక్షన్ల లెక్క తెచ్చాడు. అదీ మన కథలోదే. చెట్టెక్కడం మానకముందు రాంబాబు ఒక్కడే వస్తే కొత్తగా రెండు పనులు మన చేతికొస్తాయి. సత్తిబాబు ముందే ఉంటే ఆటో ఎలాగూ ఉంది కాబట్టి, రాంబాబు వల్ల కొత్తగా కలిసేది దింపు ఒక్కటే. గుంపు పెరిగేకొద్దీ కొత్తగా చేరినదాని వల్ల వచ్చే అదనం తగ్గుద్దే గానీ పెరగదు. ఈ చిన్న గుణం ఉన్న లెక్కలన్నిటినీ ఎడ్మండ్స్ ఒక తాటి మీదికి తెచ్చాడు. కోనిగ్ సిద్ధాంతం ఇప్పుడు ఆ పెద్ద కుటుంబంలో ఒక మనిషి.

రాజోలైనా, కొత్తపేటైనా, మీ ఊళ్లో ఎవరెవరికి ఏ పని వచ్చో ఒకవైపు రాయండి, ఏయే పనులున్నాయో ఇంకోవైపు రాయండి. మధ్యలో గీతలు గీసి, జతలు కుదర్చండి, కుదరనిచోట జరిపి చూడండి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకి వెళ్లండి. అప్పుడూ కుదరదంటే, ఎక్కడ బిగిసిందో సున్నా చుట్టి చూపించమని అడగండి. కాగితంలో పేరుంటుంది, పని ఉంటుంది, మధ్యలో గీత ఉంటుంది. కులం గడి ఉండదు.