సర్జన్ మేజర్ రోనాల్డ్ రాస్

గుంతకల్లు ప్రాంతం వానకు మొగం వాచిన నేల. ఇక్కడి వాగులు, వంకలు వర్షర్తువులో నాలుగు నాళ్లు పారితే పారినట్లు. నీరే కరవైన చోట దోమలకు తావెక్కడిదని ఎవరైనా అనుకోవచ్చు. కాని నీరు అరుదైన కొద్దీ మనిషి దానిని తొట్లలో, బానలలో, మిద్దెల మీది ట్యాంకులలో దాచుకుంటాడు. దోమకు కావలసినదీ ఆ నిలువనీరే. మలేరియాను మోసుకువచ్చే దోమలలో ఒక జాతికి బావులు, నీటి తొట్లు పుట్టినిళ్లు. ఈ సంగతి నేడు బడికి వెళ్లే బాలురకు సైతం తెలుసు. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాల వరకు మాత్రం మహావైద్యులకు కూడా ఇది తెలియని రహస్యం. చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని లోకం నమ్మింది. మలేరియా అనే పేరుకు అర్థమే చెడుగాలి. ఆ నమ్మకానికి ముగింపు పలికిన పరిశోధన మన తెలుగునేల మీదనే, సికింద్రాబాదు దండులో జరిగింది. జరిపినవాడు సైన్యంలో వైద్యుడు.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువులలోని ఆల్మోరాలో జన్మించాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి భారత సైన్యంలో అధికారి. తరువాత జనరల్ పదవి వరకు ఎదిగినవాడు. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఆనాటి ఆంగ్ల కుటుంబాల ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ల ప్రాయంలో అతనిని చదువుకై ఇంగ్లండుకు పంపారు. బాలునికి కవిత్వం మీద, సంగీతం మీద, చిత్రలేఖనం మీద మక్కువ. తండ్రికి కుమారుడు వైద్యుడై భారతదేశంలో కొలువు చేయాలని పట్టుదల. చివరకు తండ్రి మాటే నెగ్గింది. 1874లో రాస్ లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరాడు. చేరాడే గాని మనస్సు చదువు మీద నిలువలేదు. పాటలకు బాణీలు కట్టడంలో, నాటకాలు రాయడంలో కాలం గడిపాడు. 1879లో శస్త్రవైద్యుల పరీక్షలో ఉత్తీర్ణుడైనా, సైనిక వైద్యశాఖలో చేరడానికి అవసరమైన మరొక పరీక్షలో తప్పాడు. కొంతకాలం అట్లాంటిక్ మహాసముద్రం మీద తిరిగే ఓడలలో వైద్యునిగా పనిచేశాడు. 1881లో ఆ రెండవ పరీక్ష కూడా గట్టెక్కి, ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి, అదే సంవత్సరం మద్రాసు రాజధానికి వచ్చాడు. ఇరవై నాలుగేళ్ల ఆ యువకుడు చరిత్రలో నిలిచిపోతాడని అప్పటి గురువులలో ఒక్కరూ ఊహించి ఉండరు.

మొదటి పన్నెండేళ్ల కొలువులో చెప్పుకోదగిన ఘనకార్యం లేదు. పటాలం ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లాడు. 1885 నాటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. అండమాన్ దీవులలో పనిచేశాడు. తీరిక దొరికినప్పుడు గణితశాస్త్రం చదివాడు, నవల రాశాడు. బెంగుళూరులో ఉన్నప్పుడు 1883లో మాత్రం ఒక చిన్న సంఘటన జరిగింది. తన బంగళాలో దోమల బాధ మిక్కుటంగా ఉండగా, కిటికీ దగ్గర నీళ్లతొట్టిలో వాటి పిల్లలు సుళ్లు తిరగడం ఆయన కంటబడింది. తొట్టిని బోర్లిస్తే దోమలు తగ్గాయి. తరువాతి జీవితమంతా ఆయన లోకానికి చెప్పిన మాట ఈ తొట్టి నుండి పుట్టినదే అనిపిస్తుంది.

1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లి సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించాడు. మరుసటి ఏడు రోజా బ్లాక్సమ్‌ను వివాహమాడాడు. అసలైన మలుపు 1894లో వచ్చింది. అంతకు పద్నాలుగేళ్ల ముందే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ మాటను రాస్ చాలాకాలం నమ్మలేదు. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆయనను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి ఆ జీవిని కన్నులారా చూపించాడు. బోదకాలుకు కారణమైన క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని లోకానికి చాటినవాడు ఈ మాన్సనే. మలేరియా సంగతి కూడా అంతే కావచ్చునని ఆయన ఊహ. ఆ ఊహను రుజువు చేసే భారం శిష్యుడు తలకెత్తుకున్నాడు.

1895లో రాస్ సికింద్రాబాదు చేరుకున్నాడు. పటాలం వైద్యునిగా సిపాయిల రోగాలు చూడడం ఆయన ఉద్యోగం. పరిశోధన మిగిలిన వేళలలో సాగవలసిందే. అందుకు ప్రభుత్వం జీతమూ ఇవ్వలేదు, పరికరాలూ ఇవ్వలేదు. సొంత సూక్ష్మదర్శిని, సొంత ఖర్చు. మలేరియా రోగులు కొందరు డబ్బు తీసుకుని దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నారు.  రక్తం తాగిన దోమలను కోసి, ఒక్కొక్క అవయవాన్ని గంటల తరబడి పరీక్షించేవాడు రాస్. రెండేళ్లు గడిచినా ఫలితం శూన్యం. కారణం నేడు మనకు తెలుసు. ఆయన ఎన్నుకున్న దోమలు మలేరియాను మోసే జాతివి కావు. దోమలు నీటిలో పడి చస్తాయనీ, ఆ నీరు తాగినవారికి రోగం వస్తుందనీ మాన్సన్ చేసిన మరొక ఊహ కూడా ఆయనను పక్కదారి పట్టించింది. అటువంటి నీటిని ఒక సేవకుని చేత తాగించి చూశాడు కూడా! ఇవాళ ఏ వైద్యమండలి సమ్మతించని పని అది. డబ్బు తీసుకున్నా, ఇష్టపడే ఒప్పుకున్నా, ఆ పేదల దేహాలే ఈ పరిశోధనకు పరికరాలైనాయన్న సంగతి మనం దాటవేయరాదు.

నడుమ కలరా ప్రబలినందున ఆయనను బెంగుళూరుకు పంపారు. 1897 వేసవిలో సెలవు మీద నీలగిరులకు వెళ్లి, అక్కడి సీగూరు లోయలో తానే మలేరియాకు గురి అయ్యాడు. కోలుకుని జూన్ నాటికి మళ్లీ సికింద్రాబాదు వచ్చాడు. బెజవాడ మీదుగా మద్రాసుకు నేరుగా రైలు ఇంకా పడలేదు. దక్షిణం నుండి నిజాం రాజ్యానికి వెళ్లే రైలుదారి ఆ రోజులలో గుంతకల్లు మీదుగానే సాగేది.

ఆ ఏడు జూలై, ఆగస్టు నెలలలో ఆయన పడిన శ్రమ అసామాన్యం. బేగంపేటలోని చిన్న గది, ఊపిరాడని ఉక్క. పంకా వేయిస్తే కోసిన దోమ అవయవాలు ఎగిరిపోతాయని పంకా ఆపించాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. దాని కంటి అద్దం పగిలింది. ఆగస్టు నడుమ సహాయకుడు ఒకడు కొన్ని దోమపిల్లలను పట్టితెచ్చాడు. అవి పెరిగి రెక్కలు వచ్చేసరికి, ఆ రెక్కల మీద చుక్కలు కనిపించాయి. ఇంతకు ముందు పరీక్షించిన దోమల వంటివి కావవి. ఆగస్టు 16వ తేదీన వాటిచేత హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన దోమకొక అణా చొప్పున అతనికి ముట్టింది. ఆ పిమ్మట రోజుకు కొన్నింటిని కోస్తూ వచ్చాడు. ఏమీ దొరకలేదు. కొన్ని దోమలు వాటంతట అవే చచ్చాయి.

ఆగస్టు 20న చేతిలో మిగిలినవి ఒకటి రెండే. మధ్యాహ్నవేళ, అలసిన కన్నులతో ఒకదానిని కోసి చూస్తూ ఉండగా, జీర్ణకోశపు గోడలో గుండ్రని కణాలు కొన్ని అగుపించాయి. దోమ దేహంలో సహజంగా ఉండవలసినవి కావవి. వాటిలో నల్లని రేణువులు ఉన్నాయి. అవి మలేరియా పరాన్నజీవిలో మాత్రమే కనిపించే రేణువులు. మరునాడు చివరి దోమను కోశాడు. అవే కణాలు ఒక్క రోజులో మరింత పెద్దవైనాయి. అనగా, పరాన్నజీవి దోమలో బ్రతికి పెరుగుతున్నది! ఆ ఆనందాన్ని ఆయన పద్యంగా రాసుకున్నాడు. కవి కావాలనుకున్న బాలుడు అతనిలో అప్పటికీ జీవించే ఉన్నాడు. పరిశోధన వివరాలు డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినాయి.

ఇక రెండు వారాలు అక్కడే ఉంటే ఏమి సాధించేవాడో గాని, సైన్యం ఉత్తర్వులు శాస్త్రం కోసం ఆగవు. సెప్టెంబరులో ఆయనను రాజపుత్రస్థానంలోని ఖేర్వాడాకు పంపారు. అక్కడ మలేరియా రోగులే అరుదు. రాస్ కుమిలిపోయాడు. మాన్సన్ లండన్‌లో పైవారితో మాట్లాడగా, 1898 ఆరంభంలో కలకత్తాకు మార్చి పరిశోధనకే నియమించారు. అక్కడా చిక్కు వచ్చింది. ప్లేగు టీకాల భయంతో ప్రజలు వేలిమీద సూది గుచ్చనీయలేదు. అందుచేత ఆయన పక్షులకు వచ్చే మలేరియాను ఎంచుకున్నాడు. కిశోరీ మోహన్ బందోపాధ్యాయ, మహమ్మద్ బక్ష్ అనే సహాయకులు దోమలను, పిచ్చుకలను సేకరించి తోడ్పడ్డారు. జూలై నాటికి రహస్యం పూర్తిగా విడిపోయింది. దోమ కడుపులో పెరిగిన పరాన్నజీవి దాని లాలాజల గ్రంథికి చేరి, అది కుట్టినప్పుడు మరొక ప్రాణి రక్తంలోకి దిగుతుంది. నీటిలోనూ కాదు, గాలిలోనూ కాదు. రోగం కాటులోనే ఉన్నది. మనుషుల విషయంలో దీనిని అనాఫిలిస్ జాతి దోమతో సంపూర్ణంగా నిరూపించినవారు ఇటలీకి చెందిన గ్రాసి, ఆయన మిత్రులు. ఘనత ఎవరిదన్న కలహం రాస్, గ్రాసిల నడుమ చాలా ఏళ్లు నడిచింది. రాస్ నోరు కటువు. ఆ పోరులో ఆయన చూపిన కసి ఆయన కీర్తికి వన్నె తేలేదు.

1899లో భారత సైనిక వైద్యసేవను విడిచి లివర్‌పూల్‌లో ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలలో అధ్యాపకుడైనాడు. 1902లో నోబెల్ బహుమతి లభించింది. 1911లో సర్ బిరుదు వచ్చింది. సియెర్రా లియోన్, ఈజిప్టు, మారిషస్ దేశాలు తిరిగి దోమల నివారణ పద్ధతులు బోధించాడు. యౌవనంలో నేర్చిన గణితం ఈ దశలో అక్కరకు వచ్చింది. దోమలను పూర్తిగా నిర్మూలించనక్కరలేదనీ, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువకు తగ్గితే రోగం తనంతట అదే క్షీణిస్తుందనీ లెక్కకట్టి చూపాడు. అంటువ్యాధుల వ్యాప్తిని నేటికీ ఆ బాటలోనే గణిస్తున్నారు.

1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ ఆగస్టులోనే పెద్దకుమారుడు ఫ్రాన్సులో లె కాటో రణరంగంలో మరణించాడు. పుత్రశోకంలోనే ఏబది ఏళ్లు దాటిన రాస్ మళ్లీ సైనిక వైద్యుని దుస్తులు ధరించాడు. సేనలలో రక్తవిరేచనాలను పరిశీలించడానికి 1915లో అలెగ్జాండ్రియాకు, మలేరియా పీడను చూడడానికి 1917లో గ్రీసు తీరంలోని సలోనికాకు వెళ్లాడు.

ఆయన కనిపెట్టిన దానివలన ఎందరి ప్రాణాలో నిలిచాయి. ఆయనకు మాత్రం ధనం చేరలేదు. ప్రభుత్వం తగిన పారితోషికం ఇవ్వలేదని ఆయన బాహాటంగా వాదించేవాడు. 1928లో తన పరిశోధన పత్రాలనే అమ్మకానికి పెట్టాడు. ఒక సంపన్న మహిళ రెండువేల పౌనులకు వాటిని కొన్నది. 1931లో భార్య గతించింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 16న లండన్‌లో రాస్ కన్నుమూశాడు. ఆయన పనిచేసిన బేగంపేట భవనం నేటికీ నిలిచి ఉన్నది. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆయన రాసిన పరిశోధన పుటలలో హుసేన్ ఖాన్ పేరు కూడా ఉన్నది.