గుంటూరు డాక్టరమ్మ – అన్నా సారా కుగ్లర్ గారి పరిచర్య

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికలో లూథరన్ సంఘానికి చెందిన ఒక డాక్టరమ్మ గారి చరిత్ర ఎందుకని సహోదరులు కొందరు అడుగవచ్చును. గుంటూరు మిషను మన మిషను కాదు, నిజమే. కాని జబ్బుచేసిన మనిషి ఆసుపత్రి గుమ్మం తొక్కేటప్పుడు అది ఏ మిషనుదని అడుగడు. అతడు మనసులో అడిగే ప్రశ్న వేరు. ఈ మందు ఎవరి చేతిమీదుగా వస్తున్నది? ఆ చెయ్యి నన్ను ముట్టుకోవచ్చునా? ఈ ప్రశ్న మధ్యనే కుగ్లర్ గారు నలభై ఆరేళ్లకు పైగా గుంటూరులో కాపురమున్నారు. అందుచేత ఆమె చరిత్ర ఏ సంఘపు వారైనా చదువదగినది.

అన్నా సారా కుగ్లర్ గారు 1856వ సంవత్సరం ఏప్రిల్ 19వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో జన్మించారు. ఆ కాలంలో అక్కడ కూడ ఆడపిల్ల వైద్యం చదవడం పెద్దలు మెచ్చే పని కాదు. పురుషుల కళాశాలలు చాలవరకు తలుపులు మూసివేయగా, స్త్రీల కోసమే 1850లో ఫిలడెల్ఫియా నగరంలో ఒక వైద్య కళాశాల వెలిసింది. కుగ్లర్ గారు అందులో 1879లో పట్టం పుచ్చుకున్నారు. మన దేశం నుండి వెళ్లిన ఆనందీబాయి జోషీ గారు 1886లో పట్టభద్రురాలైనది కూడ ఈ కళాశాలలోనే. బ్రాహ్మణ కుటుంబపు కోడలు సముద్రం దాటి పోయి వైద్యం చదవడానికీ, అమెరికా క్రైస్తవ స్త్రీ సముద్రం దాటి గుంటూరు రావడానికీ వెనుకనున్న అక్కర ఒక్కటే. స్త్రీకి స్త్రీ వైద్యురాలు కావాలి.

చదువు ముగిసిన తరువాత కుగ్లర్ గారు నోరిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగమున రెండేళ్లు పనిచేశారు. అప్పుడే గుంటూరులోని మిషనరీ రో గారు తెలుగు స్త్రీల వైద్య అవసరతను గురించి ఆమెకు ఉత్తరం వ్రాశారు. ఆమె వెంటనే తమ సంఘపు స్త్రీల మిషనరీ సమాజానికి మనవి చేసుకున్నారు. ఆ సమాజమువారు ఆమెను 1883లో పంపించిన మాట నిజమే గాని, డాక్టరుగా కాదు, ఉపాధ్యాయినిగా! ఇళ్లలోని స్త్రీలకు చదువు చెప్పడం, సువార్త చెప్పడం మిషనరీ పని గాని, వైద్యం చేయడం కూడ స్త్రీ మిషనరీ పనియే అనే తలంపు వారికి ఇంకా కుదరలేదు. పేర్లలో వేరుగాని, మన దేశపు ఆచారాల వలెనే ఇదియు ఒక ఆచారమే. మన వారిని మూఢులని తేలికగా అనే ముందు, పంపినవారు కూడ తమ సాంఘిక కట్టుబాట్లలోనుండియే ఆలోచించారని గమనించాలి. ఆమె మాత్రం తనతో మందులు తెచ్చుకున్నారు. ముస్లిం బాలికల పాఠశాలలో పాఠాలు చెపుతూనే, పిలిచిన ఇంటికి వెళ్లి వైద్యం చేస్తూ వచ్చారు. రెండేళ్లకు, 1885 చివర, సమాజమువారు ఆమెను వైద్య మిషనరీగా నియమించారు.

ఆనాటి గుంటూరులో జబ్బుచేసిన స్త్రీ ఇంటివారు ఏ విధంగా ఆలోచించేవారో మనం కొంచెం నిదానంగా చూడాలి. వైద్యులు ఎక్కడ ఉన్నా పురుషులే. ఘోషా పాటించే ముస్లిం కుటుంబంలోను, పెద్ద కులాల ఇళ్లలోను పరపురుషుడు స్త్రీని పరీక్షించడం కుదరని పని. ప్రాణం పోయినా మానం పోరాదని వారి భావం. ఇక మడి కట్టుకునే ఇంట్లో మందు సంగతి మరీ చిక్కు. అన్య మతస్థుల చేతి నీరు త్రాగరాదు గనుక నీళ్లతో కలిపిన మందు పనికిరాదు, పొడి మందైతే ఎట్లో సర్దుకోవచ్చును.

పురుడు విషయంలో ఇంకొక వింత ఉన్నది. బాలింత అంటుతో ఉంటుంది గనుక ఆ పని చేసే మంత్రసాని క్రింది కులపు స్త్రీయే అయి ఉండేది. మామూలు రోజుల్లో వీధి గడప దాటనీయని స్త్రీ, ఆ రోజున మాత్రం తల్లి ప్రాణాన్ని, బిడ్డ ప్రాణాన్ని తన చేతుల్లో పెట్టుకునేది. చదువుగాని శుభ్రతా నియమాలుగాని ఆమెకు ఎవరు నేర్పారు గనుక? బిడ్డ అడ్డం తిరిగితే ఆమె మాత్రం ఏమి చేస్తుంది? మశూచి వస్తే అది రోగం కాదు, అమ్మవారు ఇంటికి వచ్చినట్లు. వేపమండలు కట్టి చల్లబరచాలి గాని మందు వేస్తే తల్లికి కోపం వస్తుందని భయం. ఇవన్నీ అజ్ఞానమని ఒక్క మాటలో కొట్టివేయడం సులభం. అవి వారికి క్రమమైన జీవితం. ఆ క్రమం తప్పితే రేపు పిల్ల పెండ్లికి ఎవరు వస్తారు, బంధువులు ఏమంటారు అనేది రోగం కంటే పెద్ద భయం.

కుగ్లర్ గారు ఆ ఇళ్లకు వెళ్లారు. ఆమె ముట్టుకుంటే మైల గనుక, ఆమె వెళ్లిన తరువాత రోగి బట్టలు మార్చుకొని స్నానం చేయవలసి వచ్చేది. పట్టుమని లేవలేని స్త్రీ కూడ చేయవలసినదే. ఇంత చదువుకున్న స్త్రీకి అది చిన్న అవమానం కాదు. అయినను ఆమె అక్కడ వాదం పెట్టుకోలేదు. తలుపు తెరిచినంతమేర లోపలికి వెళ్లి, రోగికి చేయవలసినది చేసి వచ్చారు. వ్యాధి నయమైన ఇంటి నుండి పొరుగింటికి మాట పాకింది. తెలుగు నేర్చుకోవడం, ఇంటి పెద్దావిడతో ముందు మాట్లాడడం, ఇవి ఆమె మందుల పెట్టెలో లేని మందులు. మన సేవకులు కొందరు మొదటి దర్శనంలోనే ఇంటివారి తాయెత్తు తెంచబోతారు. ఆ పద్ధతి ఆమెది కాదు.

మధ్యలో స్వదేశం వెళ్లి విరాళాలు కూర్చుకొని వచ్చారు. 1893లో దవాఖానా, 1898 జూన్‌లో యాభై పడకల ఆసుపత్రి తెరువబడినవి. ఇప్పుడు కొత్త చిక్కు. ఇంటికి డాక్టరమ్మ వస్తే ఇంటి కట్టుబాటు ఇంటిలోనే ఉంటుంది. ఆసుపత్రిలో అట్లా కాదు, పక్క పడకలో ఎవరు పడుకుంటారో తెలియదు. అన్నిటికంటె కష్టం అన్నం. ఎవరు వండినది తినాలి? రోగి వెంట ఇంటిల్లిపాదీ వచ్చి తమ వంట తామే చేసుకోవడం అందుకే. ఆ రోజుల్లో ఏలూరు జమీందారు భుజంగరావు గారి కుటుంబానికి కుగ్లర్ గారు వైద్యం చేశారు. రాజాగారు ఆ మేలు మరువక, రోగుల బంధువులు బస చేయడానికి ఒక సత్రం కట్టించి యిచ్చారు. హిందూ జమీందారు క్రైస్తవ ఆసుపత్రికి సత్రం కట్టించడం మన జిల్లాల చరిత్రలో గుర్తుంచుకోదగిన సంగతి.

ఇది కులానికి లొంగిపోవడం కాదా అని అడిగేవారున్నారు. థియొలాజికల్ కళాశాలలో మేము కూడ ఇటువంటి వాటిమీద రాత్రుళ్లు వాదించుకున్నాము. నా మట్టుకు నాకు తోచినది చెపుతాను. పొయ్యి వేరుగా పెట్టుకోనిచ్చారు. కాని వైద్యం చేసే చేతులను కులాన్నిబట్టి వేరు చేయలేదు. ఆ చేతులు ఎవరివి? మిషను ఆసుపత్రులలో నర్సులుగా తయారైన బాలికలు చాలమంది బోర్డింగు పాఠశాలల్లో చదివిన క్రైస్తవ పిల్లలు. వారి తాతముత్తాతలలో ఎక్కువ మంది మాలపల్లె, మాదిగపల్లెల నుండి ప్రభువును అంగీకరించినవారు. ఊరి బావిలో చేద వేయనీయని కుటుంబపు అమ్మాయి, తెల్లని బట్టలు కట్టి, అగ్రహారపు బాలింత నాడి పట్టుకొని చూసింది, ఆమె బిడ్డకు మొదటి స్నానం చేయించింది. మంత్రసాని కూడ ఆ పనే చేసేది గదా అనవచ్చును. నిజమే, కాని మంత్రసానిని అంటు కోసం పిలిచారు, నర్సమ్మను విద్య కోసం పిలిచారు. పిలుపులో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. అది ప్రసంగం వలన రాలేదు, అక్కర వలన వచ్చింది.

దొరతనమువారు కూడ ఈ సంగతి గ్రహించకపోలేదు. చెన్నపట్టణంలో 1885లో కులస్త్రీలకు, ఘోషా స్త్రీలకు అని పేరు పెట్టియే ప్రత్యేక ఆసుపత్రి తెరిచారు. విశాఖపట్టణంలోని విక్టోరియా ఆసుపత్రిని జనులు ఘోషా ఆసుపత్రి అనియే పిలుస్తారు.

పరుల సంగతి చాలును, మన సంగతి కూడ ఒక మాట. సంఘ దర్శనానికి వెళ్లినప్పుడు నేను చూచిన ఇళ్లలో, ప్రార్థన చేయించుకున్నాము గనుక మాత్రలు మానివేశామని చెప్పిన తల్లులున్నారు. క్షయ అని తెలిస్తే అమ్మాయి పెండ్లి చెడుతుందని మందుల చీటీని బైబిలులో దాచినవారున్నారు. బైబిలులో దాచితే పాస్టరు చూడడనుకున్నారు కాబోలు! వేపమండ కట్టిన ఇంటికీ ఈ ఇంటికీ దూరం మనం అనుకున్నంత లేదు. లూకా వైద్యుడని ఆదివార పాఠశాలలో నేర్పుతాము. జ్వరం వచ్చిన వేళ అది గుర్తు రావడం లేదు.

కుగ్లర్ గారి సేవను గుర్తించి 1905లో ప్రభుత్వమువారు కైసరె హింద్ పతకమిచ్చారు. చీరాలలోను రెంటచింతలలోను కూడ మిషను వైద్యసేవకు ఆమె పాటుపడ్డారు. ఆమె వివాహం చేసుకోలేదు. ఆరోగ్యం చెడిన తరువాత కూడ గుంటూరును విడిచి స్వదేశంలో విశ్రాంతి కోరుకోలేదు. 1930 జూలై 26వ తేదీన, డెబ్బది నాలుగవ యేట, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. ఉపాధ్యాయినిగా పంపబడిన ఆమె పేరే తరువాత ఆసుపత్రికి పెట్టారు.