దిద్దే చేయి : మహావీర ప్రసాద ద్వివేది

ఈ పాఠం చదివిన తరువాత మీరు,
- ఒక పత్రికా సంపాదకుడు తనకు వచ్చిన రచనలను ఎలా పరిశీలిస్తాడో వివరించగలుగుతారు.
- ఆధునిక హిందీ భాష రూపొందడంలో ద్వివేది పాత్రను తెలుసుకొంటారు.

పరిచయం

మీరు ఎప్పుడైనా ఒక కథో, ఉత్తరమో రాసి పత్రికకు పంపారా? అది తిరిగి వచ్చిందా? అచ్చయినా, మీ వాక్యాలు కొన్ని మారిపోయి కనిపించాయా? అప్పుడు మీకు కొంచెం బాధ కలిగి ఉంటుంది. ఆ మార్పులు చేసే మనిషి బల్లకు అటువైపు కూర్చుని ఏం ఆలోచిస్తాడో తెలుసుకోవాలంటే, మహావీర ప్రసాద ద్వివేది జీవితాన్ని చూడాలి.

బాల్యం, ఉద్యోగం

ద్వివేది 1864లో, నేటి ఉత్తర ప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ జిల్లా దౌలత్‌పూర్ గ్రామంలో జన్మించారు. వారిది పేద కుటుంబం. పై చదువు కోసం పిండి, పప్పు మూట వీపున వేసుకుని రాయ్‌బరేలీకి కాలినడకన వెళ్ళేవారు. ఆ చదువు కూడా పూర్తి కాలేదు. తండ్రి ఉన్న బొంబాయికి వెళ్ళి, తంతి పని నేర్చుకుని రైల్వేలో చేరారు. బడి చదువు ఆగినా ఆయన చదవడం మానలేదు. ఉద్యోగం చేస్తూనే సంస్కృతం, మరాఠీ, గుజరాతీ, బెంగాలీ వంటి భాషలలో ప్రవేశం సంపాదించారు. పని చేసుకుంటూ చదువుకునే మీకు ఆ కష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

1904లో ఝాన్సీలో ఉండగా, పై అధికారి ఒకరు సిబ్బందిని వేళకు ముందే పనికి రప్పించమన్నారు. తాను వస్తానుగాని, ఇతరులను రమ్మని ఆజ్ఞాపించనని ద్వివేది చెప్పారు. మాటా మాటా పెరిగి రాజీనామా ఇచ్చారు. రాజీనామాను వెనక్కు తీసుకోమని కొందరు నచ్చజెప్పినా, భార్య మాత్రం ఆయన పక్షానే నిలిచారు. పెద్ద జీతం పోయింది. మిగిలింది పత్రిక పని, నెలకు సుమారు 23 రూపాయలు.

‘సరస్వతి’ సంపాదకత్వం

ఆ పత్రిక పేరు ‘సరస్వతి’. 1900లో అలహాబాదులోని ఇండియన్ ప్రెస్ దీనిని మాసపత్రికగా ప్రారంభించింది. 1903లో ద్వివేది సంపాదకులయ్యారు. 1920 వరకు ఆ బాధ్యత వహించారు. ఉద్యోగం వదిలిన తరువాత చాలాకాలం కాన్పూరు దగ్గర జుహీలో ఉండి ఈ పని చేశారు.

ఆయన తనకు తాను నాలుగు నియమాలు పెట్టుకొన్నారు. పత్రిక వేళకు వెలువడాలి. యజమానుల నమ్మకం నిలుపుకోవాలి. తన లాభనష్టాలకన్నా పాఠకుల లాభనష్టాలే ముఖ్యం కావాలి. న్యాయం తప్పకూడదు. తాను జబ్బుపడితే సంచిక ఆగిపోకూడదని, కొన్ని నెలలకు సరిపడే రచనలను ముందుగానే సిద్ధం చేసి ఉంచేవారు. తమ రచన వేస్తే బహుమతులు ఇస్తామని ఆశ చూపిన వారికి, వినిపించనట్లు ఊరుకొనేవారు.

రచన చేతికి రాగానే ఆయన ప్రతి వాక్యం చదివేవారు. వ్యాకరణ దోషాలు సవరించేవారు. వర్ణక్రమం ఒకే తీరుగా ఉండేలా చూసేవారు. ఒక మాట సంస్కృతమా, పారసీకమా అని కాక, ఎక్కువమంది పాఠకులకు అర్థమవుతుందా లేదా అని చూసేవారు. ఆయన దిద్దిన రాతప్రతులను తరువాత కాశీ నాగరీ ప్రచారిణీ సభకు అప్పగించారు.

భాషలో మార్పు

ఆ కాలంలో హిందీ వచనం ఖడీబోలీలో ఉండేది. కవిత్వం మాత్రం ఎక్కువగా బ్రజభాషలో సాగేది. కవిత్వం కూడా ప్రజలు మాట్లాడే, చదివే భాషలోనే రావాలని ద్వివేది పట్టుబట్టారు. ఇదే తరంలో మన గిడుగు రామమూర్తి (1863-1940) వ్యావహారిక భాష కోసం పాటుపడటం మీకు తెలిసినదే.

ఝాన్సీ దగ్గరి చిర్‌గావ్‌కు చెందిన యువకవి మైథిలీశరణ్ గుప్త మొదట బ్రజభాషలో రాసేవారు. ద్వివేది ఆయనను ఖడీబోలీవైపు మళ్ళించి, కవితలను దిద్ది ప్రచురించారు. ఆ యువకుడే తరువాత రాష్ట్రకవిగా పేరుపొందారు. 1915లో గులేరీ రాసిన ‘ఉస్‌నే కహా థా’ కథ, ప్రేమ్‌చంద్ రాసిన ‘సౌత్’ కథ సరస్వతిలోనే వెలువడ్డాయి.

దిద్దేవారికీ దిద్దుబాటు

ద్వివేది తప్పులకు అతీతులని అనుకోకండి. 1905లో భాష, వ్యాకరణాలపై ఆయన రాసిన వ్యాసంలోని ఒక పదం సరికాదని, ‘భారత మిత్ర’ సంపాదకులు బాలముకుంద గుప్త మారుపేరుతో ఎగతాళి చేస్తూ వరుస వ్యాసాలు రాశారు. పెద్ద వివాదం నడిచింది. ఇతరులను దిద్దేవారు తామూ దిద్దించుకోవలసి వస్తుందని అది తెలిపింది.

మరొకటి ఇంతకన్నా పెద్దది. ‘జుహీ కీ కలీ’ అనే తన ముక్తఛందస్సు కవితను సరస్వతి తిప్పి పంపిందని నిరాలా తరువాత చెప్పుకొన్నారు. ఆ కవిత నేడు ఆధునిక హిందీ కవిత్వంలో ఒక మలుపుగా గుర్తింపు పొందింది. భాషను సరిదిద్దిన కన్ను కొత్త పోకడను గుర్తించలేకపోయింది. కాబట్టి తిరిగి వచ్చిన రచన అంతా పనికిరానిదని అనుకోకూడదు. అలాగే, దిద్దిన వారందరూ మన శత్రువులని కూడా అనుకోకూడదు.

ద్వివేది 1938 డిసెంబరు 21న మరణించారు. హిందీ సాహిత్య చరిత్రలో ఆయన కాలాన్ని ‘ద్వివేదీ యుగం’ అంటారు. మీరు ఈసారి రాసిన కాగితం ఎర్రసిరా గుర్తులతో తిరిగి వస్తే దాన్ని మడిచి పక్కన పెట్టకండి. ఒక్కొక్క గుర్తూ ఎందుకు పడిందో చూడండి. ఒప్పుకోదగినది ఒప్పుకోండి. కానిదానికి కారణం చెప్పి నిలబడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ద్వివేది రైల్వే ఉద్యోగం ఎందుకు వదులుకొన్నారు?
2. సంపాదకుడిగా ఆయన పాటించిన నాలుగు నియమాలు ఏవి?
3. నిరాలా కవిత విషయం నుండి మీరు ఏమి గ్రహించారు? ఐదు వాక్యాలలో రాయండి.
4. మీరు రాసిన ఒక పేజీని మిత్రునిచేత దిద్దించండి. మీరు ఒప్పుకొన్నవి, ఒప్పుకోనివి వేరువేరుగా రాయండి.