రహీం సాహెబ్

మన దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో రహీం సాహెబ్ సాధించిన విజయాలను గురించి చాలామంది వ్రాశారు. 2024లో ఆయన జీవితాన్ని ఆధారం చేసికొని ఒక హిందీ చలనచిత్రం కూడా వచ్చింది. అయితే ఆ విజయాలకు మూలం ఒక ఘోర పరాజయమనీ, ఆ పరాజయం నుంచి ఆయన పరాయివారి ఆటను పాఠంగా చదువుకొన్నారనీ నేటి విద్యార్థులకు అంతగా తెలియదు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టం పొంది ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. ఆటస్థలానికి వెళ్ళినా ఆయన ఉపాధ్యాయుడుగానే వెళ్ళారు. ఆనాడు మన ఆటగాడు బంతిని కాలి నుంచి వదలకుండా ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకుపోవడమే గొప్ప విద్య అనుకొనేవాడు. ప్రేక్షకులూ దానికే చప్పట్లు కొట్టేవారు. ఈ అలవాటును మాన్పించడానికి రహీం సాహెబ్ డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు ఏర్పాటు చేశారు. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలూ పెట్టించారు. కుడిచేతివాటపు పిల్లవానికి ఎడమచేతితో పలక ఇచ్చినట్లు! బంతి అందిన మరుక్షణమే తోటివానికి అందించాలన్నది ఆయన తర్ఫీదులో మొదటి అక్షరం. ఆ తర్ఫీదులో ఆరితేరిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం పొందింది.

మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్. ఆ చలిదేశంలో మన ఆటగాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో మైదానంలో దిగారు. యుగోస్లావియా మనలను 10–1 తేడాతో చిత్తుగా ఓడించింది. దేశమంతా ఆ వట్టికాళ్ళనే నిందించింది. ఆ పిదప అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. అది సగం చికిత్స మాత్రమే. బూట్లు అంగడిలో దొరుకుతాయి, ఆట దొరకదు కదా.

ఆ ఒలింపిక్స్‌లో మనలను ఓడించిన యుగోస్లావియాను సైతం 2–0తో ఓడించి స్వర్ణం గెలిచినది హంగరీ. రహీం సాహెబ్ దృష్టి ఆ జట్టు ఆటతీరుపై నిలిచింది. అంతవరకు సెంటర్ ఫార్వర్డ్ అనేవాడు ఎదుటివారి గోలు ముంగిట నిలిచేవాడు. అతనికి కాపలా కాయడం ప్రత్యర్థి నడిమి బ్యాకు పని. హంగరీవారు ఈ ఆటగానిని వెనుకకు, మైదానం నడుమకు రప్పించారు. కాపలాదారు అతని వెంట వచ్చెనా, గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. రాకుండెనా, బంతి అందుకొన్నవానికి అడ్డే ఉండదు. చూడడానికి చిన్న మార్పే. కాని 1953 నవంబరులో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండు జట్టు ఈ చిక్కుముడిని విప్పలేక 6–3తో ఓడిపోయింది. ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లని చెప్పుకొనే దేశానికే అర్థం కాని పాఠాన్ని మన బడిపంతులు గ్రహించి, మనవారికి అనువుగా మలచుకొన్నారు. రెండు బ్యాకుల పాతపద్ధతి పోయి మూడు బ్యాకుల పద్ధతి వచ్చింది. సెంటర్ ఫార్వర్డ్ వెనుకకు జరిగాడు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటి పోటీ ఆ హంగరీతోనే పడింది. కాని ఆ యేడు ఆ దేశంలో పెద్ద తిరుగుబాటు చెలరేగింది, వారి ఫుట్‌బాల్ జట్టు రాలేదు. శిష్యునికి గురువు ఎదుట నిలిచే అవకాశం తప్పిపోయింది. తరువాతి పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేయగా మనవారు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించారు. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగోస్లావియా! నాలుగేండ్ల క్రితం పది గోల్స్ చేసినవారు ఈసారి విరామం వరకు ఒక్కటీ చేయలేకపోయారు. మొదటి గోలు చేసినది కూడా మనవారే. చివరకు 4–1తో ఓడినా, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ నాలుగో స్థానం పొందింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి మన నగరపు బిడ్డలు ఉన్నారు.

తప్పిపోయిన ఆ అవకాశం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దక్కింది. ఇటలీలోని లాక్విలా పట్టణంలో భారత్ హంగరీని ఎదుర్కొన్నది. మన పక్షాన గోలు చేసినవాడు సికింద్రాబాదు బలరాం. 2–1తో ఓడిపోయాము. అయితే అది హెల్సింకీ వంటి ఓటమి కాదు. ఆ హంగరీయే ఆ యేడు కాంస్యపతకం గెలిచింది.

1962 నాటికి రహీం సాహెబ్ శరీరాన్ని క్యాన్సర్ తినివేస్తున్నది. ఆ స్థితిలోనే ఆయన జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకొని వెళ్ళారు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ ఆ కొరియాయే ఎదురైంది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాహెబ్ ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. 2–1తో స్వర్ణం మనదైంది.

మరుసటి సంవత్సరం, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు నిండలేదు.