ఉస్మానియాకు ఊపిరి పోసిన అక్బర్ హైదరీ

ఉస్మానియా యూనివర్సిటీ అనగానే మనకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గుర్తొస్తారు. అది సహజమే. ఫర్మానా ఆయనది, ఖజానా ఆయనది, పేరూ ఆయనదే. కానీ ఆ ఫర్మానా వెనుక ఒక అర్జీ ఉంది. అది రాసింది సర్ అక్బర్ హైదరీ.

హైదరీది మన ఊరు కాదు. 1869లో బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. చదివింది సెయింట్ జేవియర్స్‌ కాలేజీలో, చేసింది బ్రిటిష్ ప్రభుత్వ లెక్కల శాఖలో నౌకరీ. 1905లో నిజాం ప్రభుత్వం ఆయన్ని హైదరాబాద్‌కు పిలిపించుకుంది. మూడేళ్లకే మూసీ వరద వచ్చింది. అప్పుడు బాధితుల కోసం ఆయన బేగం అమీనా హైదరీ చేసిన సేవ ఈ నగరంలో ఇంకో పెద్ద కథ.

అప్పట్లో రియాసత్‌లో పై చదువంటే నిజాం కాలేజీయే. దానికి పరీక్షలు పెట్టేది, డిగ్రీలిచ్చేది మద్రాసు యూనివర్సిటీ. చదువంతా ఇంగ్లీషే. పిల్లల శక్తి సగం పరాయి భాషను మింగడానికే పోతోందని, విషయం బుర్రకెక్కడం లేదని హైదరీ గమనించారు. తాను ఇంగ్లీషులో చదివి పైకొచ్చిన మనిషే అయినా అదే మాట నిజాంకు అర్జీగా పెట్టారు. 1917 ఏప్రిల్‌లో మంజూరు వచ్చింది. బోధన ఉర్దూలో సాగాలి, ఇంగ్లీషు మాత్రం ప్రతి విద్యార్థీ ఒక సబ్జెక్టుగా చదవాలి. ఆధునిక శాస్త్రాలన్నీ ఒక భారతీయ భాషలో చెప్పే యూనివర్సిటీ అంతకుముందు దేశంలో లేదు.

సరే, ఫర్మానా వచ్చింది. మరి పుస్తకాలేవి? అందుకే కాలేజీ తలుపులు తెరవకముందే దారుల్ తర్జుమా పెట్టారు. దాని బాధ్యత మౌల్వీ అబ్దుల్ హఖ్‌ది. చరిత్ర, గణితం, రసాయన శాస్త్రం, తర్వాత వైద్యం, ఇంజినీరింగ్... అన్నీ ఉర్దూలోకి రావాలి. కొత్త పదాలు అరబ్బీ, ఫార్సీ నుంచే కట్టాలని కొందరు పట్టుబట్టారు. వహీదుద్దీన్ సలీం లాంటివారు ఉర్దూ మనదేశపు భాష, దాని సొంత తీరులోనే పదాలు పుట్టాలన్నారు. ఒక్కో పదానికీ గంటలకొద్దీ బహస్! నన్నడిగితే ఉస్మానియాకు అసలు పునాదిరాయి పడింది ఆ గదుల్లోనే.

1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ దగ్గర ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. ఆర్ట్స్‌తో పాటు దీనియాత్ కూడా మొదటి నుంచీ ఉంది. పరీక్షలు మాత్రమే పెట్టే పాత యూనివర్సిటీల్లా కాకుండా ఇక్కడ బోధన, హాస్టళ్లు, పరీక్షలు అన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. తర్వాత మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీలు కలిశాయి. అడిక్‌మెట్ దగ్గర కట్టిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో తెరుచుకుంది. అప్పటికి హైదరీ రియాసత్‌కు ప్రధానమంత్రి.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మాతృభాషలో చదువు అన్నది హైదరీ వాదన. కానీ రియాసత్‌లో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వరంగల్ రైతు కొడుక్కి ఇంగ్లీషు ఎంత దూరమో కితాబీ ఉర్దూ కూడా దాదాపు అంతే దూరం. యూనివర్సిటీలో తెలుగు శాఖ ఉండేది, రాయప్రోలు సుబ్బారావు గారు అక్కడే పాఠాలు చెప్పారు. అయినా తెలుగు ఒక సబ్జెక్టుగానే మిగిలింది. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేశారు. వాళ్లలో చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు కూడా అలా వెళ్లినవారే. అదీ హైదరీ ప్రధానిగా ఉన్న కాలంలోనే జరిగింది. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఇది వదిలేస్తే ఇన్సాఫ్ కాదు.

1941లో హైదరీ వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఢిల్లీ వెళ్లారు. 1942 జనవరిలో అక్కడే ఇంతెకాల్ అయ్యారు. పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారిపోయింది. దారుల్ తర్జుమా పుస్తకాలు పాత లైబ్రరీల బీరువాల్లోకి చేరాయి. ఉర్దూలో మెడిసిన్ చదివిన డాక్టర్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మన గల్లీల్లో నాడి పట్టి మందులు రాశారు.